సముద్రానికి వీపు పెట్టి

విశాఖపట్నంలో చేపల రేవు దగ్గర నేను తీసిన మొదటి ఫోటోలో సముద్రం లేదు. ఒక కొంగ ఉంది. చేపల బుట్ట పక్కన ఒంటికాలి మీద నిలబడి, అమ్మే ఆమె ఎప్పుడు అటు తిరుగుతుందా అని కాచుకుని ఉంది.

"గింత దూరమొచ్చి కొంగను తీస్తున్నవా? మనూర్ల కొంగలు లెవ్వా?" అని అక్క ఒకటే నవ్వు.

ఎందుకు లేవు, మా చెన్నూరు గోదావరి ఒడ్డున కావలసినన్ని ఉన్నాయి. కానీ కొత్త ఊళ్ళో తెలిసిన ముఖం కనబడితే ముందు దాన్నే పలకరిస్తాం కదా. పైగా ఆ పెద్ద కెమెరా బయటికి తీసుకుపోవడం నాకు అదే మొదటిసారి. అది నాది కాదు, మా ఆయనది.

మా ఆయనకు చెన్నూరులో ఫోటో స్టూడియో ఉండేది. ఉండేదని ఎందుకంటున్నాను, ఇప్పటికీ ఉంది, ఆయనే ఊళ్ళో లేడు. పెళ్ళిళ్ళు తీసేవాడు. ఎంతటి మొండి ముసలాయన్నైనా నవ్వించి ఫోటో తీస్తాడని పేరు. ప్రతి చేతిలోకీ ఫోను వచ్చాక పిలిచేవాళ్ళు తగ్గారు. ఒక ఎండాకాలం ముహూర్తాలన్నీ ఖాళీగా పోయాయి. ఆ ఏడే ఆయన దుబాయి పోయి కూరగాయల గోదాములో పనికి కుదిరాడు. స్టూడియోలో నేను కూర్చున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా దుబాయి పోయే పిల్లలే, వీసా ఫోటోల కోసం. వెనక తెల్లగుడ్డ, చెవులు రెండూ కనబడాలి, నవ్వకూడదు. మా ఊళ్ళో నవ్వించి ఫోటో తీసేవాడు వెళ్ళిపోయాడు, నవ్వొద్దని చెప్పి తీసేదాన్ని నేను మిగిలాను.

ఆయనకు సముద్రం పిచ్చి. అంటే చూసి కాదు, చూడక. పెళ్ళైన కొత్తలోనే చెప్పాడు, "ఒక్కపారి సముద్రం కాడికి పోదమే. పిట్టలు, ఓడలు, దీపస్తంభం, పాత గోరీలు, అన్ని తియ్యాలె. ఒక్క పెండ్లికొడుకు గూడ లేకుంట ఫోటోలు తియ్యాలె," అని. ఒక ఏడాది ముహూర్తాలు అడ్డం వచ్చేవి, ఒక ఏడాది కెమెరా రిపేరు. ఆఖరికి ఆయన సముద్రం మీదుగా విమానంలో పోయాడు, అదీ రాత్రి పూట. ఏమీ కనబడలేదట. అక్కడ కూడా సముద్రం ఉందట కానీ, ఆయన పనికి పోయే తొవ్వలో లేదు. సెలవు రోజు బట్టలు ఉతుక్కోవడానికీ నిద్రకూ సరిపోతుంది.

మొన్న చలికాలం అక్క వాళ్ళ వాడకట్టు ఆడవాళ్ళు సింహాచలానికి బస్సు మాట్లాడుకున్నారు. ఒక సీటు మిగిలిందని అక్క నన్ను లాగింది. ఫోనులో ఆయనకు చెబితే పిల్లవాడిలా ఎగిరి గంతేశాడు. "కెమెరా పట్టుకపో. నా బదులు నువ్వు తియ్యి. రోజుకు రోజు పంపు," అన్నాడు. ఫోను పెట్టేసేముందు, "కంపెనోళ్ళు అడుగుతుండ్రు, ఇంకో రెండేండ్లు ఉంటవా పోతవా అని. ఏమంటవ్?" అన్నాడు.

"నీ ఇష్టం," అన్నాను.

మా దిక్కు ఆడవాళ్ళం దుబాయిలో ఉన్న మొగుణ్ణి రమ్మనం. "ఎప్పుడొస్తవ్" అని మాత్రం అడుగుతాం, అది ఎంతమంది వింటున్నా అడగవచ్చు. కానీ నోరు విడిచి రమ్మంటే, వచ్చినవాడు ఇంట్లో ఖాళీగా కూర్చున్న ప్రతి రోజూ ఆమె నెత్తి మీద పడుతుంది. "మంచి పని ఇడిసిపెట్టి వచ్చిండు, పెండ్లాం రమ్మన్నదట," అంటారు. పేగులు తెగేంత బెంగ ఉన్నా అందరం "నీ ఇష్టం" దగ్గరే ఆగిపోతాం. నేనూ ఆగిపోయాను. బస్సు ఎక్కాక కిటికీ పక్కన కూర్చుని, ఆ మాట నోటిదాకా వచ్చి ఎట్లా వెనక్కి పోయిందా అని దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయన కంపెనీకి జవాబు చెప్పేలోపు నేను ఆయనకు జవాబు చెప్పాలి. తిరిగి ఇంటికి చేరేలోపు చెబుదామనుకున్నాను.

స్వామి దర్శనం అయ్యాక మిగతా సమయమంతా నాదే. పొద్దున్నే లేచి ఒడ్డుకు పోయేదాన్ని. నీళ్ళూ ఆకాశమూ కలిసే చోటు చూస్తూ, అదిగో ఆ గీత అవతల ఆయన పళ్ళు తోముకుంటూ ఉంటాడు అనుకునేదాన్ని. మెల్లగా మాట్లాడేదాన్ని కూడా. ఎవరైనా చూస్తే దండం పెట్టినట్టు నటించేదాన్ని. తర్వాత ఫోటోలు. ఇసుకలో ఎర్రటి ఎండ్రికాయలు మనిషి నీడ పడగానే బొరియల్లోకి దూరిపోతాయి. ఒక చిన్న పిట్టల గుంపు అల వెనక్కి పోతే దాని వెంట ఉరికి, అల తిరిగి వస్తే ప్రాణాలు అరచేత పట్టుకుని వెనక్కి ఉరుకుతుంది. పొద్దంతా అదే పని.

ఫోనులోకి ఎక్కించి ఫోటోలు పంపగానే అక్కడి నుంచి హుకుములు వచ్చేవి. "నిలవడి తీసినవ్. పిట్టకు సమానంగ కెమెరా పెట్టు. జర వంగు." వంగాను. "ఇంక వంగు." మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆఖరికి దుబాయిలో ఉండి నన్ను తడి ఇసుకలో బోర్లా పడుకోబెట్టాడు. చీరంతా ఉప్పునీళ్ళు. అక్క దూరంగా పోయి, నేను ఎవరో తెలియనట్టు నిలబడింది. కానీ ఆ ఫోటో చూశాక ఆయన ఇంక వంగమనలేదు. తర్వాత "నేను తీసినట్టే ఉన్నది," అని పంపాడు. ఆ రోజంతా నేను భూమ్మీద నడవలేదు.

ఒడ్డున జనం చూడడానికి పెట్టిన జలాంతర్గామిలోకి కూడా పోయాను. లోపల ఊపిరాడదు. ఒకదాని మీద ఒకటి ఇనుప మంచాలు, ఒక్కో దాంట్లో మనిషి ఒత్తిగిలడానికి కూడా చోటు లేదు. అవి ఆయనకు బాగా నచ్చుతాయని నాలుగు వైపుల నుంచీ తీసి పంపాను.

"మా రూము గూడ గిట్లనే ఉంటది," అని ఫోను చేశాడు.

ఇన్నేళ్ళలో ఆయన తన గది నాకు చూపించలేదు. వీడియోలో ఎప్పుడూ వెనక ఒక గోడే కనబడేది. నేను కూడా ఎన్నడూ అడగలేదు. "గా నేవీ వాళ్ళకు దేశం కోసం పండుకున్నరని పేరన్న ఉన్నది," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ ఇరుకు దారిలో నా వెనక వచ్చేవాళ్ళు జరగమంటున్నా నేను ఆ మంచాల ముందే నిలబడ్డాను.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు అందరూ జీడిపప్పు కొనడానికి పోతే, అక్కను బతిమాలి సిటీ బస్సులో భీమిలి తీసుకుపోయాను. అక్కడ పాత దీపస్తంభం ఉంది, డచ్చివాళ్ళ గోరీలు ఉన్నాయి. ఆయన అడిగిన వాటిలో అవే మిగిలాయి. గోరీలనగానే అక్క చాయ్ బండి దగ్గరే కూలబడింది. "సచ్చినోళ్ళ ఫోటోలు తీసుడేందే, నీకు పనిలేదా?" అంది.

ఎప్పుడో ఓడల్లో బట్టల వ్యాపారానికి వచ్చినవాళ్ళట. ఇక్కడే పోయారు. రాళ్ళ మీద చెక్కిన రాత నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కొన్నింటి మీద గాలికి, ఉప్పుకు అక్షరాలే అరిగిపోయాయి. వంగి ఒక రాయిని తీస్తుంటే నాకు మా వీధి చివరి పిల్లవాడు గుర్తుకొచ్చాడు. దుబాయి పోయేముందు నా దగ్గరే ఫోటో దిగాడు. నవ్వొద్దురా అంటే ఇంకా నవ్వు ఆపుకోలేకపోయాడు, నాలుగుసార్లు తీశాను. ఏడాది తిరగకుండా పెట్టెలో వచ్చాడు. వాళ్ళ అమ్మా బాపూ వచ్చి, దండ వేయడానికి పెద్ద ఫోటో కావాలన్నారు. పెద్దవాడయ్యాక తీసిన మంచి ఫోటో ఇంకేదీ లేదు. ఆ నవ్వని ఫోటోనే పెద్దది చేసి ఇచ్చాను.

ఈ రాళ్ళ కింద ఉన్నవాళ్ళకు కూడా వాళ్ళ దేశంలో ఎవరో ఒకామె ఉండే ఉంటుంది. ఎప్పుడొస్తవ్ అని రాసి పంపే ఉంటుంది. కెమెరా మూత పెట్టేసి గబగబా ఒడ్డుకు నడిచాను. ఆ రోజు ఆయనకు సెలవు. వీడియో కాల్ చేశాను.

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఈసారి గోడ కాకుండా పైమంచం ఇనుప కడ్డీ కనబడింది. ఏం చెప్పాలో తెలియక ముందు సముద్రం చూపించాను. "చూసినవా, గీ నీళ్ళకు సక్కగ అవుతల నువ్వే ఉన్నవ్. నేను రోజు పొద్దుగాల నీతోని మాట్లాడుతున్న," అన్నాను.

ఆయన పడీ పడీ నవ్వాడు. "నేను గాడ లేనే పిచ్చిదానా! గటు పోతె బర్మా వస్తది."

మాకు సముద్రమంటే ఒక్కటే, దాని అవతల దుబాయి. సముద్రం దాటి పోయిండు అంటాం, ఏ సముద్రమని ఎవరు అడిగారు? ఇన్ని పొద్దులు నా బెంగంతా బర్మా వాళ్ళకు పంపాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎనుకకు మర్లు," అన్నాడాయన. "సముద్రానికి ఈపు పెట్టు. ఆ, గట్ల. ఇప్పుడు సక్కగ చూడు. గా గుట్టలు, గా ఎనుక అడివి, గది దాటితె గోదావరి, మన చెన్నూరు. ఇంకా పోతె బొంబాయి, గటెనుక నీళ్ళు, గటెనుక నేను. నీకు నాకు నడుమల మన ఊరే ఉన్నది."

తిరిగి నిలబడ్డాను. నా ఎదురుగా ఆగి ఉన్న సిటీ బస్సు, కొబ్బరిబోండాల కుప్ప, చాయ్ ఊదుకుంటున్న అక్క. అంత అందమైన సముద్రాన్ని వెనక పెట్టుకుని, ఆ బస్సు వైపు చూస్తూ అన్నాను.

"నువ్వు రా."

"ఏంది?"

"ఇంటికి రా. నీ ఇష్టం కాదు, నా ఇష్టం. స్టూడియో నడిస్తె నడుస్తది, లేకుంటె లేదు. ఎవలన్న అడిగితె నా పెండ్లాం రమ్మన్నదని చెప్పు."

ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"ఇంకోపారి అను," అన్నాడు.

"రా."

"నిన్ననే సంతకం పెట్టిన," అన్నాడు. "రెండేండ్లకు. నువ్వు ఎన్నడు అనలే గద. నేను ఈడ ఉంటేనే నీకు మంచిగున్నదేమో అనుకున్న."

"నువ్వన్న ఎన్నడన్న వస్తనన్నవా?" అని అరిచాను. బోండాలు కొట్టేవాడు కత్తి ఆపి చూశాడు. కోపం ఆయన మీదో, నా మీదో, మా ఊరి మీదో తెలియలేదు. అక్కడే నిలబడి ఏడ్చాను. ఆయనా ఏడ్చాడు. ఇన్నేళ్ళలో మేమిద్దరం ఒకరి ముందు ఒకరం ఏడవడం అదే మొదలు.

అక్క వచ్చి ఏమైందే అని అడిగింది. రమ్మన్నాను అని చెప్పాను. "అయ్యో, అన్నవా!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత తన చాయ్ నా చేతిలో పెట్టి, నేను తాగేదాకా పక్కన నిలబడింది. బస్సులో ఆ ముచ్చట ఎవరికీ చెప్పనంది. మేము ఇల్లు చేరేసరికి ఊరంతటికీ తెలిసింది.

ఇప్పుడు స్టూడియోకు వచ్చినవాళ్ళు "సార్ ఎప్పుడొస్తుండమ్మా?" అని అడిగితే, ఇదివరకులా కంపెనీ వాళ్ళ ఇష్టమని చెప్పను. "నేను రమ్మన్న, వస్తడు," అంటాను. కొందరు మూతి తిప్పుకుంటారు, తిప్పుకోనీ. రెండేళ్ళలో ఇంకా చాలా మిగిలే ఉంది. రోజూ ఫోను పెట్టేసేముందు నేను మాటల్లో పడి మరిచిపోతే, ఆయనే అడుగుతాడు.

"ఇయ్యాల అనలే," అంటాడు.

"రా," అంటాను.