ఎడమ పక్క సీటు

వ్యాను అమ్మే మనిషి తాళం చెవిని మా తమ్ముడి చేతికి ఇవ్వబోయాడు. నేను చెయ్యి చాపాను. బండి నడిపేది నేనే అని చెప్పాను. ఆయన నా నెరిసిన జుట్టు వైపు ఒకసారి, మా తమ్ముడి వైపు ఒకసారి చూసి, తాళం చెవిని ఇద్దరికీ మధ్యన బల్ల మీద పెట్టాడు. రాయచూరులో స్కూలు పిల్లల్ని తిప్పి తిప్పి అలసిపోయిన వ్యాను అది. పసుపు రంగు వెలిసిపోయింది. పక్క తలుపు సగం దాకా జారి అక్కడ మొండికేసేది. ఇంజను మాత్రం బాగుందని తమ్ముడు చెప్పాడు. వాడికి మా చిక్కసూగూరులోనే రోడ్డు పక్కన పంక్చర్ల దుకాణం ఉంది, బండ్ల సంగతి కొంత తెలుసు. మా ఆయన వచ్చి ఉంటే చెవి పెట్టి వినగానే తేల్చేసేవాడు. ఆ వేళకు ఆయన ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

ఆయన లారీ డ్రైవరు. క్లీనరుగా చేరి, బండి కడిగి, టైర్లు మార్చి, పని నేర్పే ఉస్తాదు తిట్లు తిని డ్రైవరైన మనిషి. రాయచూరు మిల్లుల బియ్యం, పత్తి బేళ్లు వేసుకుని దేశమంతా తిరిగాడు. నేను కుట్టుమిషను ముందు కూర్చుని ఊళ్లోవాళ్ల జాకెట్లు కుట్టాను. నేను చూసిన లోకం రాయచూరు బజారు, మంత్రాలయం, నా పుట్టిల్లు యరగేర. లారీలో ఇంటి ఆడవాళ్లను ఎక్కించుకోకూడదని డ్రైవర్లలో ఒక పట్టింపు ఉండేది. ఎందుకని అడిగితే ఎవరూ ఎక్కించుకోరు కాబట్టి అనేవాడు. ఇల్లు చేరగానే ఘాట్ రోడ్ల గురించి, సముద్రం గురించి చెప్పేవాడు. నేను మూతి ముడిచేదాన్ని. చూపించనివాడివి చెప్పడం ఎందుకని దెప్పేదాన్ని. అప్పుడు నవ్వి, ప్రతిసారీ అదే మాట ఇచ్చేవాడు.

"లారీ దిగినంక పాత వ్యాను ఒకటి తీస్కుంట. దాంట్ల మంచం ఏస్త, స్టవ్వు పెడ్త. లాడ్జి కర్చు లేకుంట సముద్రం దాంక నిన్ను తిప్పుకొస్త."

లారీ దిగకముందే పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. కుడి కాలు కొంత తేరుకుంది గానీ, కర్ర లేకుండా అడుగు పడదు. మాట పూర్తిగా పోయింది. మనం చెప్పేదంతా ఆయనకు అర్థమవుతుంది. అదే పెద్ద శిక్ష అనిపించేది నాకు. చూడడానికి వచ్చినవాళ్లు ఆయన ఎదుటే, ఆయన అక్కడ లేనట్టు, ఎన్నాళ్లు ఇట్లా అని నన్ను అడిగేవాళ్లు. ఆయన గోడ వైపు తిరగడం అప్పుడే మొదలైంది. డాక్టరు బయట తిప్పమన్నాడు. బస్సు మెట్లు ఎక్కలేని మనిషిని, దారిలో ఒంటికి పోవాలని నోరు తెరిచి అడగలేని మనిషిని ఎట్లా తిప్పేది? వ్యాను కొందామని ఆ రోజే అనుకున్నాను. గాజులు అమ్మేశాను. చేతులు బోసిగా ఉన్నాయని చుట్టుపక్కలవాళ్లు నాలుగు రోజులు గొణిగి ఊరుకున్నారు.

నాకింకా డ్రైవింగు రాదు కాబట్టి, రాయచూరు నుంచి వ్యాను నడుపుకొస్తూ తమ్ముడు అడిగాడు.

"అక్కా, బావ కోసం కొన్నవా, నీ కోసం కొన్నవా?"

ఇద్దరి కోసం అన్నాను. కాస్త కోపంగానే అన్నాను, ఎందుకంటే వాడు అడిగినదాంట్లో నిజముంది. ఆయన ఆ గోడను చూస్తూనే వెళ్లిపోతాడేమో అని భయం. ఆ గోడ పక్కనే నేనూ ముగిసిపోతానేమో అని ఇంకో భయం. రెంటిలో ఏది పెద్దదో ఈనాటికీ చెప్పలేను.

ఇంటి సందులోకి వ్యాను తిరిగిన చప్పుడుకి ఆయన గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. నేను లోపలికి వెళ్లేసరికి లేచి కర్ర వెతుక్కుంటున్నాడు. బయటికి వచ్చి, బండి చుట్టూ మెల్లగా నడిచాడు. టైర్లను కర్రతో పొడిచి చూశాడు. ఎడమ అరచేతిని ఇంజను మూత మీద పెట్టి, వేడి తగ్గేదాకా అట్లాగే నిలబడ్డాడు. నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఇక అంతా బాగైపోయిందనే అనుకున్నాను.

వెనక సీట్లు పీకించాం. వెల్డింగు అతనితో ఇనుప చట్రం చేయించి, మీద ప్లైవుడ్డు చెక్క పరిచి మంచం చేశాం. దాని కింద చిన్న గ్యాసు స్టవ్వు, బియ్యం డబ్బా, నీళ్ల క్యాను. కిటికీలకు నా పాత చీరల అంచులతో తెరలు కుట్టాను. ఇవన్నీ ఎవరైనా చేస్తారు. నేను ప్రత్యేకంగా చేయించింది డ్రైవరు పక్క సీటు. తుక్కు బజారులో వ్యాను సీటు ఇచ్చేసి ఒక పాత కారు సీటు తెచ్చాను, వెనక్కి వాల్చి పడుకోవచ్చు. దానికి మెత్తటి స్పాంజి వేసి, పూల గుడ్డతో తొడుగు కుట్టి, తలకు దిండు, కాళ్ల కింద పీట, ఆయన పక్కకి ఒరగకుండా బెల్టు అమర్చాను. ఇంత సుఖంగా ఏ రాజు ప్రయాణం చేసి ఉంటాడని మురిసిపోయాను.

డ్రైవింగు తమ్ముడే నేర్పాడు. వరి కోసిన మళ్ల పక్క బండి బాటల్లో మొదలుపెట్టాం. క్లచ్చు వదిలినప్పుడల్లా వ్యాను కుప్పిగంతులు వేసేది. పొలాల్లో ఉన్న ఆడవాళ్లు పని ఆపి నవ్వేవాళ్లు. వాళ్లు నవ్వినకొద్దీ నాకు పంతం పెరిగింది. హైదరాబాదు రోడ్డు ఎక్కాక మాత్రం ఆ పంతం సడలేది. థర్మల్ కరెంటు ప్లాంటు బూడిద నింపుకున్న లారీలు పక్క నుంచి పోతుంటే వ్యాను ఊగిపోయేది. అయినా లైసెన్సు వచ్చింది. ముందుకు పోవడం వచ్చింది. వెనక్కి తీయడమే సరిగా రాలేదు. మా సందు ఇరుకు, లోపల బండి తిప్పే చోటు లేదు. రోడ్డు మీదికి వెనక్కే రావాలి. ఆ పని ఎప్పుడూ తమ్ముడే చేసిపెట్టేవాడు.

బయల్దేరే రోజు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టాను. ముందు కృష్ణ దాటుదాం, బండీ నేనూ నిలదొక్కుకుంటే సముద్రం మాట తర్వాత చూద్దాం అని ఆయనకు చెప్పాను. కొత్త చొక్కా తొడిగితే తొడిగించుకున్నాడు. కర్ర పట్టుకుని వ్యాను దాకా వచ్చాడు. తలుపు తీసి చూపించాను. ఆయన ఆ సీటు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమ చేత్తో దిండు లాగి మట్టిలోకి విసిరేశాడు. వెనక్కి నడిచి గడప మీద కూర్చున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ కోసమేగదా గిదంత చేసిన. ఇంకేం గావాలె నీకు? నేనొక్కదాన్నే పోత, నువ్వు గా గోడను జూస్కుంట పండు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చేసింది. ఆయన తల దించుకున్నాడు. కొట్టిన కొబ్బరికాయ చిప్పలు ఎత్తి నేను లోపలికి వెళ్లిపోయాను. తర్వాత చాలా రోజులు వ్యాను అట్లాగే నిలబడి ఉంది. కోళ్లు దాని కింద గుంటలు చేసుకుని పడుకున్నాయి. ఆయన మళ్లీ గోడ వైపు తిరిగాడు. ఈసారి నేను పిలిచినా తిరగలేదు.

బ్యాటరీ చచ్చిపోతుందని తమ్ముడు పోరు పెట్టి, ఒక మధ్యాహ్నం వ్యానును రోడ్డు మీదికి తీసి నన్ను నడపమన్నాడు. పొద్దున్నుంచి దుకాణంలో వంగి పనిచేసినవాడు, మెత్తటి సీటులో కూర్చోగానే తల వాల్చి గురక పెట్టాడు. కాసేపటికి నా రెప్పలూ బరువెక్కాయి. బండిని పక్కకి తీసి ఆపేశాను. అప్పుడు మా ఆయన గుర్తొచ్చాడు. పక్క సీట్లో నిద్రపోయాడని ఒక క్లీనరును దారిలోనే దింపేసిన మనిషి ఆయన. ఆ సీటులో ఉన్నవాడు నిద్రపోతే డ్రైవరుకూ నిద్ర ముంచుకొస్తుంది. ఎడమ పక్క ఏమొస్తుందో వాడే చూడాలి, వెనక ఏముందో వాడే చెప్పాలి. లారీలో వాడికి అన్నం పెట్టేది అందుకే. ఇంటికొచ్చి ఆయన ఇవన్నీ వందసార్లు చెప్పాడు. వింటూ బొత్తాలు కుట్టిన దాన్ని, ఒక డ్రైవరు పెళ్లాన్ని, ఆ సీటును పరుపు చేసి బెల్టు బిగించాను. ఆయన లారీలో అట్లా పడుకోబెట్టి, కట్టి, తీసుకుపోయేది సరుకునే.

తమ్ముణ్ణి తట్టి లేపి, తుక్కు బజారుకు పోదామన్నాను. వ్యాను పాత సీటు ఇంకా అక్కడే ఉంది. రేకులాగా గట్టిగా, నిటారుగా, పిల్లలు గీకిన గీతలతో. దాన్నే మళ్లీ బిగించాం. దిండు లేదు, పీట లేదు.

మర్నాడు ఆయన మంచం దగ్గర కూర్చున్నాను. క్షమించమని అడిగే అలవాటు మా ఇద్దరిలో ఎవరికీ లేదు. ఉన్నదే చెప్పాను.

"నాకు ఎనక్కి తీసుడు వస్తలేదు. తమ్ముడు దినాము రాడు. పక్కన మనిషి లేకుంటే బండి ఈ సందుల నుంచి ఎల్లది. నువ్వు వస్తవా?"

ఆయన ఇటు తిరిగాడు. నా ముఖం వైపు చాలాసేపు చూశాడు, అబద్ధం ఆడుతున్నానేమోనని. నేను ఆడలేదు. లేచి కర్ర అందుకున్నాడు.

సీటు చూశాడు. ఎడమ చేత్తో తలుపు పట్టుకుని, నా భుజం ఆనుకుని ఎక్కాడు. అద్దం దించమని సైగ చేశాడు. నేను నా వైపు ఎక్కి రివర్సు గేరు వేశాను. ఆయన ఎడమ చెయ్యి బయటికి చాపి, తలుపు రేకు మీద మెల్లగా తట్టడం మొదలుపెట్టాడు. తడుతున్నంతసేపు రావచ్చు. అది ఆయన కుర్రవాడిగా నేర్చుకున్న భాష, దానికి నోటితో పనిలేదు. తడుతూ ఉన్నాడు, నేను వస్తూ ఉన్నాను. సందు గోడలు రెండు వైపులా మెల్లగా ముందుకు జరిగిపోయాయి. ఉన్నట్టుండి రేకు పగిలేటంత గట్టిగా ఒక్కటి కొట్టాడు. బ్రేకు తొక్కాను. బూడిద లారీ ఒకటి మా వెనక నుంచి దూసుకుపోయింది. వ్యాను ఊగింది.

ఆయన డ్రైవరు సీటును పోగొట్టుకున్నాడు. అది మళ్లీ రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. క్లీనరు సీటుకు దిగడానికి ఆయన సిగ్గుపడలేదు. నేను వేసిన పరుపుకే సిగ్గుపడ్డాడు. ఇది అర్థమై నాకు కన్నీళ్లు ఆగలేదు, స్టీరింగు మీద పడ్డాయి. ఆయన నా వైపు చూడలేదు. చూపంతా పక్క అద్దంలోనే ఉంది. రోడ్డు ఖాళీ అయింది. ఇంకా రావేంటని విసుగ్గా తలుపు మీద మళ్లీ తట్టాడు.