తప్పెరగని నెహెమ్యా

మా చిన్నాన్న నెహెమ్యాకు ఒకే ఒక్క జబ్బు. ఎవరి తప్పు చెవిన పడినా "నేనలాంటోణ్ణి కాదు" అనకుండా ఉండలేడు. అండమాన్‌లోని మాయాబందర్ జెట్టీలో ఓడలకు తాళ్ళు కట్టే పని ముప్పై ఏళ్ళు చేశాడు. ఓడ ఆలస్యమైతే ఓడ తప్పు, తాడు తెగితే తాడు తప్పు.

ఒకసారి పోర్ట్ బ్లెయిర్ నుంచి వస్తుంటే బస్సు పంచరైంది. డ్రైవరు చెమటలు కక్కుతూ టైరు విప్పుతుంటే చిన్నాన్న నెత్తి మీద నిలబడి, "నా జన్మలో ఒక్క పంచరు పడలేదు భయ్యా" అన్నాడు.

"నీకు సైకిలైనా లేదు కదా చిన్నాన్నా!" అన్నాను.

"అదే చెప్తున్నా. జాగ్రత్తంటే అలా ఉండాలి."

మా తెలుగు సంఘానికి ఆయన పెద్ద. ప్రార్థనకు నిలబడితే మా అందరి తప్పులూ దేవుడికి వీధుల వారీగా విన్నవించేవాడు. పాస్టరు శామ్సన్ గారు ఒకసారి మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. ఆ మూడు నిమిషాల గురించి చిన్నాన్న పావుగంట ప్రార్థన చేశాడు.

ఆయన తిట్లలో పెద్ద వాటా జోగులుది. జోగులు చేపలు పట్టేవాడు, తాగేవాడు. చీకటి పడే వేళకు మా గోడవతల ఇద్దరి గొంతులూ వినబడేవి.

"సిగ్గులేదురా? నేనెప్పుడైనా ఇలా తూలానా?"

"నువ్వు గ్రేట్ భయ్యా."

మేం ఇంట్లో కూర్చుని నవ్వుకునేవాళ్ళం.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం చిన్నాన్న ఇంట్లో సంఘ పెద్దలు కూర్చుని ఉన్నారు. నేను టీ ఇస్తున్నాను. జోగులు తడిసి ముద్దై గుమ్మంలో నిలబడ్డాడు.

"భయ్యా, మనసేం బాగోలేదు. ఒక్కసారి నాతో ప్రార్థనకు మోకాళ్ళెయ్యి."

వాసన గుప్పుమంది. పెద్దలు ముఖముఖాలు చూసుకున్నారు. చిన్నాన్న ముఖం ఎర్రబడింది.

"మత్తు దిగాక రా. తాగుబోతులతో మోకాళ్ళేసేటోణ్ణి కాదు నేను."

తలుపు వేసేశాడు. నేనూ చూస్తూ ఊరుకున్నాను.

జోగులు అటునుంచి అటే వెళ్ళి, గాలి బాగోలేదని జెట్టీలో వాళ్ళు చెప్తున్నా వినకుండా, వల తీయడానికి ఒంటరిగా పడవ వేసుకుపోయాడు. మర్నాడు పడవ దొరికింది. మూడో రోజు మడచెట్ల వేళ్ళ మధ్య జోగులు దొరికాడు.

సమాధి దగ్గర నాలుగు మాటలు చెప్పమని పాస్టరు గారు చిన్నాన్నను పిలిచారు. "నేనలాంటోణ్ణి కాదు" అన్న మాట ఇక్కడ కూడా వస్తుందేమోనని మేమంతా తలలు వంచుకున్నాం.

"ఈడు నా గుమ్మంలోకొచ్చి ప్రార్థన అడిగాడు," అన్నాడు చిన్నాన్న. "పెద్దమనుషుల ముందు పరువు పోద్దని తలుపేసేశాను. తాగింది ఈడు. తలుపేసింది నేను."

జోగులు భార్య కాసులమ్మ ముఖం తిప్పుకుంది.

ఆ తర్వాత చిన్నాన్న పెద్దరికం వదిలేశాడు. గుడిలో వెనక బెంచీ చివర కూర్చునేవాడు. ప్రభువు బల్లనాడు, ప్రభువు జ్ఞాపకంగా పంచే రొట్టె తీసుకోవడానికి లేచేవాడు కాదు. ఒకరోజు అన్నం పట్టుకెళ్తే లోపల మోకాళ్ళ మీద ఉన్నాడు. చాంతాడంత ప్రార్థనలు చేసే మనిషి, "సూపించుకోడానికి నా కాడేం లేదు ప్రభువా. నువ్వే దిక్కు" అని ఆగిపోయాడు.

మూడు నెలలకు కాసులమ్మ మా ఇంటికొచ్చింది.

"మీ చిన్నాన్న తిండి తింటన్నాడా?"

"నీకు కోపం లేదా అత్తా?"

"ఎందుకుండదు? ఉంది. కానీ తొమ్మిదేళ్ళు నా మొగుణ్ణి రోజూ బుజానేసుకుని ఇంటికి తెచ్చింది ఆ మనిషే. మీరు తిట్లే విన్నారు. ఈడి కాళ్ళు కడిగి, పడుకోబెట్టి, 'అన్నం తిన్నావా చెల్లెమ్మా' అని అడిగెళ్ళీవోడు. ఎవరికీ సెప్పొద్దనీవోడు. జాలిగుండె అని తెలిస్తే తన మాట ఎవరూ వినరంట!"

నవ్వబోయి ఏడ్చేసింది.

ఆ ఆదివారం ప్రభువు బల్ల. అందరూ లేచారు, చిన్నాన్న తప్ప. కాసులమ్మ వెళ్ళి ఆయన బెంచీ పక్కన నిలబడింది.

"లే అన్నయ్యా."

"నేను తగనమ్మా."

"తగినోళ్ళకే పెడితే ఆ రొట్టె బల్ల మీదే బూజు పట్టుద్ది. లే, చలో. నా మోకాళ్ళు నొప్పి, నిలబడలేను."

చిన్నాన్న లేచాడు. అందరికంటే చివర, ఆమె వెనక నిలబడి, రెండు చేతులూ చాచి రొట్టె అందుకున్నాడు.

వాళ్ళిద్దర్నీ చూసి పాస్టరు గారికి కళ్ళు చెమర్చాయేమో, పాట నంబరు తప్పు చెప్పారు. తీరా పుస్తకం తెరిస్తే అది పెళ్ళి పాట. ఇప్పుడేమంటాడోనని సంఘమంతా చిన్నాన్న వైపు చూసింది. ఆయన ముక్కు తుడుచుకుని, ఆ పెళ్ళి పాటే అందుకున్నాడు, అదీ శ్రుతి తప్పి. మేమంతా ఆయన వెనకే పాడాం.