మిగిలింది పారెయ్యొద్దన్న సార్

మొన్న మంగళవారం పొద్దున సార్ వాళ్ల బిడ్డ తాండూరు నుంచి ఫోన్ చేసి, "నాన్న పోయిండక్కా" అంది. వికారాబాద్‌లో సార్ నడిపిన చిన్న కంప్యూటర్ క్లాసులో నేర్చుకున్నవాళ్లం చాలామందిమే ఉన్నాం. నాకు వచ్చిన నెట్‌వర్క్ ప్రోగ్రామింగంతా ఆయన పెట్టిన భిక్షే. అయినా కబురు వినగానే నాకు గుర్తొచ్చింది నేర్చుకున్నది కాదు, నేను చెడగొట్టింది.

సార్ రోజూ తాండూరు నుంచి రైల్లో వచ్చేవారు. స్టేషన్ నుంచి నడుస్తూ ఎదురైన ప్రతివాళ్ల బాగోగులూ అడిగేవారు కాబట్టి మా పదింటి క్లాసు పదింటికి మొదలైన రోజు లేదు. విసుక్కుంటే, "ఆయన చెప్పేది అయిపోలే బిడ్డ, మధ్యల ఎట్ల వస్త?" అనేవారు.

రక్తదానం చేసేవాళ్ల ఫోన్లకు కబురు పంపే సర్వర్ ఒకటి మా క్లాసు తరఫున రాశాం. పంపే భాగం నాది. ఒకరోజు తాండూరులో ఒక బాలింతకు రక్తం కావలసి వచ్చింది. సందేశంలో ముందు రక్తం గ్రూపు, మధ్యలో డాక్టరు చీటీ ఫొటో, చివర్లో ఊరు. బంట్వారం అనే ఊళ్లో సిగ్నల్ అంతంతమాత్రం. అక్కడి ఫోనుకు కబురు పంపే సాకెట్, అంటే సర్వర్ వైపు ద్వారం, సగమే తీసుకుంది. ఎంత తీసుకుందో నేను చూడనే లేదు. మిగతా సగం, ఊరి పేరుతో సహా, ఎటూ కాకుండా పోయింది. ఊరు తెలియక, కబురు పంపిన మా క్లాసు ఉన్న ఊరే అనుకుని, బంట్వారం రైతు ఒకాయన బండి మీద నేరుగా వికారాబాద్ వచ్చేశాడు. తాండూరులోనే ఇంకొకరు దొరికారు కాబట్టి ఆ తల్లి బతికింది.

మర్నాడు సార్ నన్ను బస్సులో బంట్వారం తీసుకెళ్లారు. "తప్పు మాదే" అన్నారు ఆ రైతుతో, నావైపు చూడకుండా. ఆయన, "పోనీయుండ్రి సార్, ఆమె బతికింది గద" అని చాయ్ తాగించి పంపాడు.

తిరుగు బస్సులోనే పాఠం. "సాకెట్ ఎంత తీసుకుంటే గంతే ఇయ్యి. మిగిలింది పారెయ్యకు, నీ దగ్గర దాచిపెట్టు. జాగ అయినంక అదే పిలుస్తది, గప్పుడు మిగిలిన కాడికెంచి పంపు. అందాక తక్కినోళ్ల పని చూడు." ఆ పిలుపునే రైట్ ఈవెంట్, అంటే 'ఇక రాయొచ్చు' అన్న కబురు, అంటారు.

నేను అతి తెలివికి పోయి, ఆ పిలుపు ఎప్పుడూ వస్తూనే ఉండేలా రాశాను. సాకెట్‌లో చోటున్నంతసేపూ అది "పంపు, పంపు" అని ఊపిరాడనివ్వలేదు. కంప్యూటర్ ఫ్యాను హోరెత్తిపోయింది. సార్ పగలబడి నవ్వారు. "పంపేది లేనప్పుడు దాన్నెందుకు పరేషాన్ చేస్తవ్? మిగిలినప్పుడే పిల్వమను. అంత పోయినంక ఇగ చాలని చెప్పు." ఇవాళ్టికీ ఎవరి కోడు చేతికొచ్చినా మిగిలింది దాచారా, అంతా పోయాక పిలుపు ఆపారా అని ముందు ఆ రెండు చోట్లే వెతుకుతాను.

నిరుడు సార్‌కి పక్షవాతం వచ్చింది. మాట పూర్తిగా పోలేదు గానీ ముక్కలు ముక్కలుగా వచ్చేది. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ ప్రేమకొద్దీ ఆయన మాటలు తామే పూర్తిచేసేవాళ్లు. నేనూ చేశాను. సార్ కళ్లు మూసుకున్నారు. ఆయన భార్య, మా ఆంటీ, నా చెయ్యి పట్టుకుని, "జర ఆగు బిడ్డ, ఆయననే చెప్పనియ్యి" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటినుంచి వెళ్లినప్పుడల్లా ఆగాను. ఆగితే మాటలు వచ్చేవి, హాస్యంతో సహా. ఒకసారి నా చాయ్ చల్లారిపోయేదాకా కూడబలుక్కుని, "మీ ఆఫీసుల... ఫ్యాను... మోగుతుందా?" అని అడిగారు. ఆయన, నేను, ఆంటీ ముగ్గురం నవ్వాం.

ఆయన పోవడానికి రెండ్రోజుల ముందు, ఆదివారం, వెళ్లాను. లేవబోతుంటే "బిడ్డా, నువ్వు..." అన్నారు. తర్వాతి మాట రాలేదు. నా రైలుకి టైమైంది. "వచ్చే ఆదివారం వస్త సార్, గప్పుడు చెప్పుండ్రి" అన్నాను. గుమ్మంలో చెప్పులేసుకుంటూ తిరిగి చూస్తే ఆయన చెయ్యి సగం లేచి ఉంది. పెదవులు ఆ మాట కోసం ఇంకా కదులుతూనే ఉన్నాయి.

రైలు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అంతసేపూ నేను తాండూరు ప్లాట్‌ఫారం మీద ఫోను చూసుకుంటూ కూర్చున్నాను.