ఎండ రాని గదిలో ఓక్ ఆకులు

ఎనిడ్ టఫ్లీకి మనుషుల ముఖాలకన్నా వాళ్ళ తలుపు గడియలే బాగా గుర్తు. స్ట్రౌడ్ ఊరి పక్క లోయలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి మరి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్న ఒక పొద్దున, హేజల్‌కూంబ్ హౌస్ తలుపు తీయబోతే గడియ మీద ఆమె బొటనవేలు సరిగ్గా పట్టేంత పల్లం తగిలింది. ఎవరో కమ్మరి, ముక్కూ మొహం తెలియని మనిషి వేలు ఎక్కడ ఆనుతుందో ఆలోచించి మరీ సుత్తితో దిద్దిన పల్లం అది. ఎనిడ్ ఆ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ రోజు లోయంతటికీ ఉత్తరాలు గంట ఆలస్యంగా అందాయి.

అలాంటి ఇళ్ళు ఆ చుట్టుపక్కల పద్దెనిమిది ఉన్నాయి. వందేళ్ళ కిందట లండన్ పొగా, యంత్రాల మోతా గిట్టని కొందరు పనివాళ్ళు వచ్చి, మేకు దగ్గర్నుంచి మెట్ల దాకా అన్నీ చేత్తోనే చేస్తామని పంతం పట్టి కట్టినవి. ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఇళ్ళని పుస్తకాలు రాసేవాళ్ళు అంటారు. చలి కొంపలని ఊళ్ళోవాళ్ళు అంటారు. రెండూ నిజమే. ఎనిడ్ ఒక పాత కెమెరా సంపాదించి, ఆదివారం వస్తే చాలు, వాటి మీద పడేది. బాడిశ దెబ్బలు కనిపించే దూలాలు, మేకు లేకుండా ఒకదాన్నొకటి పట్టుకున్న చెక్కలు, చివర ఆకులా చీలిన ఇనప కీళ్ళు, అన్నీ తీసేది. అడిగినవాళ్ళు తక్కువ, మెచ్చుకున్నవాళ్ళు లేరు. ఆమె మొగుడు లెన్ రాళ్ళ గోడలు కట్టేవాడు. ఆదివారం వేయించిన మాంసం చల్లారిపోతుంటే గుమ్మంలో నిలబడి, "నువ్వు పెళ్ళాడింది నన్నా, ఆ కీలునా?" అనేవాడు. "కీలయితే ఇన్ని మాటలు అనదు" అనేది ఎనిడ్.

ఆమె ముందు ఫ్లాష్ అన్న మాట ఎత్తకూడదు. చేతిపనంతా నీడల్లోనే కనిపిస్తుంది. ఎదురుగా వెలుగు కొట్టామా, సుత్తి దెబ్బలూ వేలి గుర్తులూ అన్నీ చదునైపోతాయి. వెలుగు పక్కనుంచి, గోడని రాసుకుంటూ రావాలి. ఈ సంగతి ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పి ప్రాణం తీసేది. తను మొదట్లో తప్పు చేసే నేర్చుకుంది కాబట్టి అంత పట్టుదల. ఆ తప్పు ఎంత దూరం పోయిందో మాత్రం 2002 అక్టోబరు దాకా ఆమెకి తెలియలేదు.

ఆ నెలలో హేజల్‌కూంబ్ హౌస్‌ని డెస్మండ్ క్రోల్ అనే బిల్డర్ కొన్నాడు. పడగొట్టి పన్నెండు ఫ్లాట్లు కడతానన్నాడు. పడగొట్టకూడని ఇళ్ళ జాబితాలో అది తప్పకుండా ఉండే ఉంటుందన్న ధీమాతో ఎనిడ్ కౌన్సిల్ ఆఫీసుకి వెళ్ళింది. జాబితాలో ఆ పేరు లేదు. ఎందుకు లేదని ఫైలు తెప్పించుకుంది.

ఫైల్లో 1973 నాటి నాలుగు ఫోటోలున్నాయి. లోపలి గది గోడకి పైన, కప్పు కింద, ఓక్ ఆకుల పట్టీ ఒకటి ఉంటుంది, సున్నపు ముద్దతో చేసింది. ఫోటోలో అది కేకు మీద క్రీము పూసినట్టు తెల్లగా, చప్పగా ఉంది. కింద అప్పటి అధికారి రాశాడు: "అచ్చుపోసిన మామూలు పని. కాపాడవలసిందేమీ లేదు." ఎనిడ్ ఫోటో తిప్పి చూసింది. వెనకాల తన పేరే, తన చేతిరాతే. అప్పట్లో కొత్తగా కొన్న ఫ్లాష్ చూసుకుని మురిసిపోతూ, ఊరి సంఘంవాళ్ళు అడిగితే తీసిచ్చిన ఫోటోలు అవి.

ఎనిడ్ ఫైలు మూసి ఇచ్చేసింది. ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా కూర్చుంది.

"ఆ ఇల్లు క్రోల్ పడగొట్టడం లేదు లెన్. నేను పడగొట్టాను, ముప్ఫై ఏళ్ళ కిందటే."

లెన్ టీ కలిపి ముందు పెట్టాడు. "గోడలో ఒక రాయి తప్పు పడితే ఏం చేస్తానో తెలుసుగా. అక్కడిదాకా విప్పి మళ్ళీ కడతాను. ఏడుస్తూ కూర్చోను. తాగు."

మర్నాడే ఎనిడ్ కౌన్సిల్లో పాత ఇళ్ళ వ్యవహారం చూసే మిస్ యార్డ్లీని పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళ పిల్ల, మంచిదే, కానీ పని ఒత్తిడిలో ఉంది. "టఫ్లీ గారూ, నేనూ వెళ్ళి చూశాను. ఏడెనిమిది పూతల సున్నం కింద నాకేమీ కనపడలేదు. కమిటీలో పదకొండు మంది ఉన్నారు. వాళ్ళు ఆ కొండెక్కరు. కాగితం మీద కనిపించేది ఏదైనా ఉంటే తప్ప నేనేం చెయ్యలేను."

"కనిపిస్తుంది. మీరొకసారి నాతో రండి."

నవంబరు పన్నెండో తేదీ, పొద్దున పదకొండు నుంచి పన్నెండింటి దాకా, ఒక్క గంట. అంతకుమించి క్రోల్ ఒప్పుకోలేదు. కష్టమేమిటంటే ఆ గదికి కిటికీ ఒక్కటే, అదీ ఎండ పడని వైపు. కరెంటు కోసేశారు. టార్చి వేస్తే ఒక్క ఆకు కనిపిస్తుంది, పక్క ఆకు చీకట్లో పోతుంది. పట్టీ అంతా ఒకే ఫోటోలో రావాలి, ఏ రెండు ఆకులూ ఒకటి కాదని పదకొండు మందికీ తెలియాలి.

అందుకని ఆ పొద్దున లెన్ పడకగదిలో డ్రెస్సింగ్ టేబుల్ అద్దం ఊడదీశాడు. వాళ్ళమ్మ పెళ్ళికిచ్చిన అద్దం అది. దుప్పటిలో చుట్టి, వ్యానులో వేసి, హేజల్‌కూంబ్ పెరట్లో ఇంటి నీడ దాటి నలభై అడుగులు నడిచి, ఎండని అద్దంతో ఆ కిటికీలోకి తిప్పడానికి తోట గోడ మీదికెక్కి నిలబడ్డాడు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి.

గదిలో ఎనిడ్ కెమెరాని మూడు కాళ్ళ స్టాండు మీద బిగించింది. మిస్ యార్డ్లీ చేతులు కట్టుకుని గోడకి ఆనుకుంది. క్రోల్ గుమ్మంలో వాచీ చూసుకుంటున్నాడు. బయట మబ్బు. పదకొండున్నర అయింది, పావు తక్కువ పన్నెండు అయింది.

"ఏమ్మా, సున్నం కొట్టిన గోడకి ఇంత పేరంటమా?" అన్నాడు క్రోల్.

"పేరంటానికి మిమ్మల్నీ పిలిచాంగా, కూర్చోండి" అంది ఎనిడ్.

మబ్బు పక్కకి జరిగింది. కిటికీలోంచి వెలుగు ముక్క ఒకటి లోపలికొచ్చి క్రోల్ నెత్తి మీద పడింది.

"ఎడమకి లెన్!"

"నీ ఎడమా, నా ఎడమా?"

"గోడ వైపు! ఇంకా పైకి! అక్కడే, కదలకు!"

వెలుగు గోడ పొడవునా పాకింది. తెల్లటి చప్పిడి పట్టీలోంచి ఓక్ ఆకులు లేచాయి. ఒకటి పురుగు కొట్టినది, ఒకటి ముడుచుకున్నది, ఒకటి గాలికి తిరగబడ్డది. నలభై మూడు ఆకులు, దేని దారి దానిదే. కాయల మధ్య, గదికి వీపు చూపిస్తూ, చిన్న పిట్ట ఒకటి కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళలో ఎనిడ్ కూడా దాన్ని చూడలేదు. దాని తోక మీద సున్నం నొక్కినవాడి బొటనవేలి పల్లం స్పష్టంగా తెలుస్తోంది.

మిస్ యార్డ్లీ చేతులు విప్పుకుంది. క్రోల్ కూడా టోపీ తీశాడు, ఎందుకు తీశాడో అతనికే తెలియదు.

"ఎనిడ్, చేతులు పీకుతున్నాయే!" బయటినుంచి లెన్ కేక.

"ఎనిమిది సెకండ్లు ఓర్చుకో!" ఆమె మీట నొక్కి లెక్క పెట్టింది. ఎనిమిది దాకా వెలుగు వణకలేదు. తొమ్మిదో అంకెకి మబ్బు మళ్ళీ కమ్మేసింది. ఎనిడ్‌కి కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆపుకోవాలనీ అనుకోలేదు.

డిసెంబరు మొదటి వారంలో కమిటీ కూర్చుంది. ఎనిడ్ ఫోటోని బల్లంత పెద్దదిగా చేయించి తెచ్చింది. దాన్నీ పాత ఫోటోనీ పక్కపక్కన పెట్టి, "ఇది గోడ, ఇది నా తప్పు" అని, ఇంకో మాట లేకుండా కూర్చుంది. అంతసేపూ కునుకుతున్న ముసలి సభ్యుడు ఒకాయన లేచి వచ్చి, పిట్ట తోకని వేలితో తడిమాడు. కాగితమని తెలిసి కూడా తడిమాడు. చేతులెత్తమన్నప్పుడు పదకొండు చేతులూ లేచాయి. హేజల్‌కూంబ్ హౌస్ మీద ఇక ఎవరూ పలుగు వెయ్యలేరు.

బయట వసారాలో లెన్ దొరికినవాళ్ళందరికీ తన భుజాలు చూపిస్తున్నాడు. "ఇల్లు నిలబెట్టింది ఇవే! ఫోటో ఎవరైనా తీస్తారు."

మిస్ యార్డ్లీ ఫైలు పట్టుకుని ఎనిడ్ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించింది. "టఫ్లీ గారూ, ఆ పాత ఫోటోలు తీసేయమంటారా? ఇప్పుడు వాటితో పనేమీ లేదు."

ఎనిడ్ తల అడ్డంగా ఊపింది. "వద్దమ్మా, ఉంచండి. ఏ వెలుగులో చూసి తీర్పు చెప్పారో రేపొచ్చేవాళ్ళకి తెలియాలిగా."

పెన్ను అడిగి తీసుకుని, కొత్త ఫోటో తిరగేసి వెనకాల తన పేరు రాసింది. ఇప్పుడు ఆ ఫైల్లో పాత ఫోటోల వెనకా, కొత్త ఫోటో వెనకా ఒకే పేరు, ఒకే చేతిరాతలో ఉంది.