బండితో పాటు మామ్మ కూడా

ఈ సంగతి నలుగురి నోళ్ళలో పడి ఇంకోలా మారకముందే నేనే చెప్పేస్తే నయం. పోయిన నెల రెండో శనివారం నరసరావుపేటలో కారు చూడటానికి వెళ్ళి, నేనొక పెళ్ళికొడుకు నాయనమ్మను ఎత్తుకెళ్ళాను. కావాలని కాదు. కానీ ఎత్తుకెళ్ళిన మాట మాత్రం నిజం. మా ఆయన జోసెఫ్ కూడా పక్క సీట్లోనే ఉన్నాడు కాబట్టి అందులో సగం ఆయన ఖాతాలో వేసుకోవచ్చు.

నేను శావల్యాపురం దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఇల్లేమో నరసరావుపేట. రోజూ బస్సు, బస్సు దిగాక షేర్ ఆటో. ఆటోలో వెనక సీటు దొరికిందంటే ఆ రోజు పండగే. లేకపోతే డ్రైవర్ పక్కన సగం లోపల, సగం బయట. పోయిన వానాకాలం మా ఆటో ఒక గుంటలో దిగింది. ఆటో లేచింది గానీ నా నడుం లేవలేదు. డాక్టర్ గారు ఎక్స్‌రే చూసి, ఇంకోసారి ఇట్టాంటి కుదుపు తగిలితే మంచం దిగటం కష్టం, స్కూలైనా మార్చుకోండి, ప్రయాణమైనా మార్చుకోండి అన్నారు. స్కూలు మారటం నా చేతిలో లేదు. పైగా ఆ పిల్లల్ని వదిలి పోవాలని కూడా లేదు. అందుకని డ్రైవింగ్ స్కూల్లో చేరి, మా వీధి కుక్కలన్నిటికీ నన్ను చూడగానే పక్కకు తప్పుకోవటం నేర్పించి, మొత్తానికి లైసెన్స్ తెచ్చుకున్నా.

ఇక ఏ కారు కొనాలనే దగ్గర ఇంట్లో మొదలైంది. మా ఆయనది పురుగుమందుల కంపెనీలో ఉద్యోగం. పొద్దస్తమానం మోటార్ సైకిల్ మీద మిరప చేల గట్లమ్మట తిరుగుతాడు. ఆయన కంటికి ఎత్తుగా లేనిది బండే కాదు. కారు నడపటం మాత్రం రాదు. రాకపోయినా అభిప్రాయాలకు లోటు లేదు. నాకేమో వెనక డిక్కీ ఉన్న సెడాన్ కావాలి. కిందగా కూర్చుని, నడుం ఆనించుకుని, కుదుపు లేకుండా రోజూ పోయి రోజూ రావాలి. దారిలో ఆగిపోకూడదు. అంతకుమించి నాకు వేరే కోరికల్లేవు. నేను బడికి పోతున్నానండీ, దుక్కి దున్నటానికి కాదు అని ఎన్నిసార్లు చెప్పానో.

ఇట్టా కొట్లాడుకుంటూనే సెకండ్ హ్యాండ్‌లో ఒక సెడాన్ ఉందని తెలుసుకున్నాం. ఓనర్ సుబ్బారావు గారని బ్యాంకు ఉద్యోగి. ఆయనకి వైజాగ్ ట్రాన్స్‌ఫర్ అయింది. ఫోన్లో చానా మర్యాదగా మాట్లాడాడు. శనివారం ఫలానా ఫంక్షన్ హాల్లో పెళ్ళికి వస్తున్నాను, అక్కడికే వచ్చి చూసుకోండి అన్నాడు. సరేనని వెళ్ళాం. తీరా వెళ్ళి ఫోన్ చేస్తే ఆయన బంతిలో కూర్చున్నాడు. అప్పుడే విస్తట్లో పప్పు వేశారట, లేచేదెట్టా అన్నాడు.

"గేట్లోకి రాగానే కుడిపక్క రేకుల షెడ్డు. దాని కింద తెల్లబండి. తాళం దాంట్లోనే ఉంది, ఎండకి సీట్లు కాలతయ్యని ఏసీ వేసే ఉంచా. మీరొక రౌండ్ కొట్టి రండి మేడమ్, ఈ లోపు నా భోజనం అయిపోయిద్ది."

అంత నమ్మకంగా బండి అప్పజెప్పే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఆ మాటకే మనసు సగం ఒప్పేసుకుంది.

మాకు తెలియని సంగతి ఏందంటే, ఆ హాలుకి రెండు గేట్లున్నాయి. రెండు గేట్ల దగ్గరా కుడిపక్క రేకుల షెడ్లున్నాయి. మా ఆటో అబ్బాయి మమ్మల్ని వెనక గేటు దగ్గర దించాడు. షెడ్డు కింద తెల్ల సెడాన్ ఉంది. ఇంజన్ ఆన్‌లో ఉంది, ఏసీ తిరుగుతోంది. ఇంకేం కావాలి? వెనక అద్దాలకి నల్ల తెరలున్నాయి. వెనక సీటు నిండా చీరల కవర్లు, స్వీటు డబ్బాలు, ఒక పెద్ద ఉన్ని శాలువా కుప్పగా ఉన్నయ్. పెళ్ళికొచ్చిన మనుషులు కదా, సామాను ఉంటదిలే అనుకుని డోర్ వేసుకున్నాం.

ఎక్కి కూర్చోగానే నా నడుం నాకు థాంక్స్ చెప్పింది. సీటు ఎక్కడ పట్టుకోవాలో అక్కడ పట్టుకుంది. క్లచ్ వెన్నలా దిగుతోంది. హాలు దాటి, ఊరు దాటి వినుకొండ రోడ్డెక్కాం. స్పీడ్ బ్రేకర్ వచ్చిందని అది దాటిపోయాక తెలిసింది. నేను గాల్లో తేలిపోతున్నా. రోజూ పొద్దున ఇట్టా స్కూలుకి పోయి, చీర నలగకుండా దిగి, ఫస్ట్ పీరియడ్‌లోనే నవ్వుతూ పాఠం చెప్పే మనిషి నాకు కళ్ళముందు కనపడుతోంది. ఆ మనిషి నేనే.

మా ఆయన మాత్రం చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. కాసేపటికి వెనక నుంచి ఏదో సౌండ్ వస్తోందన్నాడు. నేను పట్టించుకోలా. ఎత్తు తక్కువని వంక పెట్టటం అయిపోయింది, ఇప్పుడు సౌండ్ మొదలెట్టాడు అనుకున్నా. కానీ నిజంగానే వస్తోంది. గుర్రుమని మొదలై, సన్నగా ఈలలాగా పోయి, మళ్ళీ గుర్రుమంటోంది. బేరింగ్ పోయిందన్నాడు. స్పీడ్ పెంచమన్నాడు, పెంచా. తగ్గించమన్నాడు, తగ్గించా. సౌండ్ మాత్రం మారలేదు. అయితే సైలెన్సర్ అన్నాడు. ఆయన మొహంలో ఆనందం చూడాలి. చివరికి పక్కకి ఆపించి ఇంజన్ కూడా ఆపేయమన్నాడు.

ఇంజన్ ఆగింది. సౌండ్ ఆగలేదు.

ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇరవై ఏళ్ళుగా మోటార్ సైకిల్ విప్పి బిగిస్తున్న మనిషికి కూడా, ఇంజన్ ఆపినా మోగే బేరింగ్ ఎక్కడుంటదో తెలియలేదు. దిగి వెనక టైరుకి చెవి ఆనించాడు. కాదన్నాడు. డిక్కీకి ఆనించాడు. అదీ కాదు. వెనక డోర్ తీసి, కవర్లు పక్కకి జరిపి, సీటు లోపల స్ప్రింగేమో చూద్దామని వంగి, శాలువా మీద చెవి పెట్టాడు.

సౌండ్ ఆగిపోయింది. శాలువా కదిలింది. అందులోంచి తెల్లటి జుట్టు, ఎర్రటి కుంకుమబొట్టు, దాని కింద రెండు కళ్ళు బయటికొచ్చినయ్.

"ఎవరబ్బాయ్ నువ్వు? నా మీద చెవి పెట్టి ఏం వింటున్నావ్?"

మా ఆయన వెనక్కి గెంతి రోడ్డు మార్జిన్లో కూలబడ్డాడు. నాకు స్టీరింగ్ మీద నుంచి చేతులు రాలేదు. ఆమె మాత్రం తీరిగ్గా లేచి కూర్చుని, కొంగు సర్దుకుని, కిటికీ తెర జరిపి బయటికి చూసింది. గురజాల వచ్చామా అని అడిగింది. మళ్ళీ తనే, ఇది గురజాల రోడ్డు కాదే అంది.

మెల్లగా అడిగితే తెలిసింది. ఆమెది గురజాల దాటాక వచ్చే మాచర్ల. లోపల పీటల మీద కూర్చున్న పెళ్ళికొడుక్కి నాయనమ్మ. బ్యాండు మోతకి, వేడికి కళ్ళు తిరుగుతున్నయ్యంటే పెద్ద మనవడు శ్రీను తెచ్చి కారులో ఏసీ వేసి పడుకోబెట్టాడట. అన్నం తిని వచ్చి ఇంటికి తీసుకెళ్తానన్నాడట. బండి కదిలితే వాడే నడుపుతున్నాడనుకుని ఆమె నిశ్చింతగా నిద్రపోయింది.

మేం కారు కొనడానికి వచ్చామండీ మామ్మా, టెస్ట్ డ్రైవ్‌కి తీసుకొచ్చాం అని చెప్పా. అది చెప్పాల్సిన పద్ధతి కాదని ఆమె మొహం చూశాక అర్థమైంది.

"అమ్మేశాడా? నన్ను లోపల పడుకోబెట్టి, నాతో సహా బేరం పెట్టాడా?"

అంటూనే ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగినయ్. ఏడాదిగా వాళ్ళింట్లోనూ ఇదే గొడవట. మనవడికి ఎత్తు బండి కావాలి. ఆమె మోకాళ్ళు ఎత్తు బండి ఎక్కలేవు. ఇదైతే కూర్చుని కాళ్ళు లోపలికి తిప్పుకుంటే చాలు. ఆసుపత్రికి, కూతురి ఇంటికి, ఎక్కడికైనా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుంటది. ఇది పోతే ఇక నేను గడప దాటేది లేదమ్మాయ్ అంది. ఆ మాట నాకు సూటిగా తగిలింది. నడుం పట్టేసి మంచంలో ఉన్నప్పుడు నేనూ అచ్చం అట్టాగే అనుకున్నా.

అమ్మలేదు మామ్మా, పొరపాటున మీ కారెక్కినట్టున్నాం అని చెప్తుండగానే ఫోన్ మోగింది. సుబ్బారావు గారు. భోజనం చేసి, కిళ్ళీ కూడా వేసుకుని, బండి దగ్గర నిలబడి ఎదురుచూస్తున్నాను మేడమ్, ఇంకా రాలేదేంటి అన్నాడు. మేం బండిలోనే ఉన్నామండీ అన్నా.

ఆయన చానా నెమ్మదిగా అడిగాడు: "ఏ బండిలో మేడమ్?"

ఆయన వెనక పెద్దపెద్దగా అరుపులు వినపడుతున్నయ్. ఎవరిదో కారు పోయిందట, అందులో ముసలావిడ కూడా ఉందట, పోలీస్ స్టేషన్‌కి బయలుదేరుతున్నారట. ఆయనకి అప్పటికే విషయం అర్థమైపోయింది. ఫోన్ ఆ శ్రీనుకి ఇమ్మన్నా. మాట్లాడటానికి నాకు ధైర్యం చాలక మామ్మకి ఇచ్చా. ఆమె తను క్షేమంగా ఉన్నానని చెప్పటం మర్చిపోయి, ముందు కారు సంగతి అడిగి, మనవణ్ణి కడిగేసింది. వాడు అవతల ఒట్లేస్తున్నట్టు నాకే వినపడింది.

ఇక నావల్ల కాదు, మీరు నడపండి అని మా ఆయనతో అన్నా. ఆయన నావంక జాలిగా చూశాడు. ఆయనకి రాదన్న సంగతి నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు. మామ్మే, ముందు ఏదన్నా తాగుదాం అమ్మాయ్, కంగారు అదే తగ్గిద్ది అంది. అక్కడ పోలీసుల దాకా పోతుంటే, ఇక్కడ రోడ్డు పక్క తోపుడు బండి దగ్గర ముగ్గురం నిమ్మకాయ సోడాలు తాగాం. సోడా బండివాడు, మీ అత్తగారాండీ అని నన్నడిగాడు. కాదు అనటానికి కూడా భయమేసింది. మళ్ళీ కాదంటే మరెవరు అంటాడు.

వెనక్కి వచ్చేసరికి గేటు దగ్గర పెళ్ళి మొత్తం నిలబడి ఉంది. పెళ్ళికొడుకు బాసికంతోనే బయటికొచ్చేశాడు. వీడియో తీసే అతను కెమెరా మా మీదే పెట్టాడు. శ్రీను అనే మనిషి మీసాలు, భుజాలు చూసి మా ఆయన తన సీట్ బెల్ట్ విప్పుకోకుండా అట్టాగే కూర్చున్నాడు. నేను దిగి చేతులు జోడించా.

అప్పుడు వెనక డోర్ తెరుచుకుంది. మామ్మ కాళ్ళు బయటికి తిప్పి, నేలమీద ఆనించి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది.

"ఎవర్నీ ఏమీ అనమాకండి. నేనే కాస్త గాలికి తిప్పమన్నా," అంది పచ్చి అబద్ధం. తర్వాత శ్రీను వైపు తిరిగి, "ఈ పిల్ల నడుపుతుంటే నాకు నిద్ర పట్టింది. నువ్వు నడిపితే ఎప్పుడన్నా పట్టిందా?"

ముందు పెళ్ళికొడుకు నవ్వాడు. తర్వాత అందరూ. శ్రీను కూడా చివరికి నవ్వి, నాయనమ్మ భుజం మీద చెయ్యేసి, నువ్వున్నంత కాలం ఈ బండి అమ్మనులే అన్నాడు. అంతమంది ముందు ఆ మాట అనిపించినందుకు మామ్మ మొహం వెలిగిపోయింది. మమ్మల్ని అన్నం తినకుండా పంపలేదు. మామ్మ నా పక్కనే కూర్చుని, గోంగూర ఇంకొంచెం వేయమని వడ్డించేవాళ్ళకి చెప్తూ ఉంది.

భోజనాలయ్యాక సుబ్బారావు గారు మమ్మల్ని ముందు గేటు దగ్గరికి స్వయంగా నడిపించుకెళ్ళాడు. ఈసారి తాళం ఆయన చేతిలోనే ఉంది. అదీ తెల్లబండే, అదే మోడల్, కాస్త పాతది. మా ఆయన ముందు వెనక సీటు చూశాడు, తర్వాత డిక్కీ తెరిచి చూశాడు, ఆ తర్వాతే నన్ను ఎక్కనిచ్చాడు. సీటు నడుముకి అట్టాగే ఆనింది. గుంటల్లో అట్టాగే మెత్తగా పోయింది. సౌండేమీ లేదు. మా ఆయన చానాసేపు చెవి పెట్టి విని, బాగానే ఉంది, తీసుకుందాం అన్నాడు. ఎత్తు సంగతి ఎత్తలేదు. దిగేటప్పుడు మామ్మ కాళ్ళు నేలకి ఆనిన తీరు ఆయన కూడా చూశాడు.

మాకు తెలిసిన మెకానిక్ మస్తాన్ అన్న షెడ్డులో చూపించి, ఓకే అన్నాక తెచ్చుకున్నాం. ఇప్పుడు రోజూ దాంట్లోనే స్కూలుకి. నడుం నొప్పి తగ్గిపోయింది. నేను కలగన్నట్టే ఫస్ట్ పీరియడ్‌లో నవ్వుతున్నా, పిల్లలే కొంచెం భయపడుతున్నారు. నరసరావుపేట నుంచి వచ్చే టీచర్లు ముగ్గురు కూడా ఇప్పుడు నాతోనే వస్తున్నారు. అయితే ఆ పెళ్ళి వీడియో ఎట్టా వచ్చిందో ఏమో, మా స్టాఫ్ గ్రూపులోకి వచ్చింది. అప్పటినుంచి సాయంత్రం బెల్లు కొట్టాక నేను కారు తాళం తీయగానే, ముగ్గురూ డోర్ దగ్గర ఆగి, నెంబర్ ప్లేట్ చూసి, ఎంతో వినయంగా అడుగుతారు:

"మేడమ్, ఇది మీ కారేనా?"