నాన్నగారి చేతి పని

మొన్న అమలాపురంలో గృహప్రవేశానికి వెళ్తే, ఆ ఇంటావిడ వంటింట్లోకి తీసుకెళ్లి పాత పప్పుగుత్తి ఒకటి చూపించి, "మీ నాన్నగారి చేతి పనండీ, ఇన్నేళ్లయినా చిన్న బీటైనా లేదు" అంది. ఆయ్, అవునండీ అని నవ్వి ఊరుకున్నాను. అది చేసింది నేను.

కొత్తపేట దగ్గర మా ఊళ్లో నాన్నగారు తరిమెన పట్టేవారు. మన తరం వాళ్లకి చెప్పక్కర్లేదు, ఒకరు తాడు లాగుతుంటే కర్ర గిరగిరా తిరుగుతుంది, ఇంకొకరు ఉలి ఆనించి నునుపు తేలుస్తారు. తొంభైల్లో వచ్చిన తుఫానుకి పనసలూ సపోటాలూ జామలూ వేళ్లతో సహా పడిపోతే, ఊరంతా పొయ్యిలోకి నరుక్కుంటుంటే, ఆయన మాత్రం ఇంటింటికీ తిరిగి మంచి కొమ్మలు అడిగి తెచ్చుకున్నారు. పచ్చికర్ర తరిమెన ఎక్కిస్తే పగిలిపోతుందని, కోసిన చివర్లకి పేడ పూయించి, నీడపట్టున ఏడాది పైగా ఆరనిచ్చారు. పూసింది నేనే. మా ఆయన మస్కట్ వెళ్లడంతో అప్పట్లో పుట్టింట్లోనే ఉండేదాన్ని, తాడు లాగడమూ నా వంతే.

తీరా కర్ర ఆరేసరికి నాన్నగారికి చేతులు వణకడం మొదలైంది. ఒకరోజు ఉలి నా చేతికిచ్చి, తాను తాడు అందుకున్నారు. ఇక అక్కడినుంచి కవ్వాలూ పప్పుగుత్తులూ కొడవలి పిడులూ అన్నీ నావే. ఆడది ఉలి పట్టిందంటే ఎవరూ కొనరని అమ్మ వీధిగుమ్మంలో కాపలా కూర్చునేది. ఎవరైనా వస్తుంటే దగ్గేది, మేమిద్దరం గబగబా చోట్లు మార్చుకునేవాళ్లం. నేను రాల్చిన పొట్టు ఒళ్లో పోసుకుని కూర్చుని నాన్నగారు మెప్పులు అందుకునేవారు. నాకూ అదో సరదాగానే ఉండేది.

ఆయన పోయాక, పెద్దకర్మ వంటలకి కట్టెలు చాలలేదని అన్నయ్య మిగిలిన పనస కర్రంతా గాడిపొయ్యిలో పెట్టించాడు. తరిమెన కూడా ఎవరికో అమ్మేస్తానన్నాడు. నాకు పని వచ్చు, అది నాకిచ్చెయ్యి అని బంధువులందరి ముందూ అడిగాను.

"తాడు లాగితే పనొచ్చేసినట్టేంటే?" అని నవ్వేడు.

నేను అమ్మ వైపు చూశాను.

"దానికేం వచ్చురా, తాడు లాగేదంతే" అంది అమ్మ.

పోయినాయన పేరు నిలబెట్టడానికే ఆ మాట అన్నదని నాకు తెలుసు. తెలిసినా ఒళ్లు మండిపోయింది. మర్నాడే తరిమెన బండెక్కి వెళ్లిపోయింది, ఆ తరవాత నేను మళ్లీ ఉలి పట్టలేదు.

ఇప్పుడు ఆడపిల్లలు కర్రతో గరిటెలూ గిన్నెలూ చేస్తూ వీడియోలు పెడుతున్నారట. ఎవరూ గుమ్మంలో కాపలా లేరు, పైగా లోకమంతా మెచ్చుకుంటోంది. మా కోడలు ఫోన్‌లో చూపిస్తే బాగుందమ్మా అంటాను. నిజంగానే బాగుంటుంది, అదే నా బాధ. అమ్మ పోయి కూడా చాలాకాలమైంది. తద్దినానికి అన్నయ్య పిలుస్తాడు, వెళ్తాను, భోంచేసి వచ్చేస్తాను. అందరూ ఆవిడ మంచితనం తలుచుకుంటారు. నేను మాత్రం ఇంకా ఆవిడతో పోట్లాడుతూనే ఉన్నాను.