పదకొండు నంబరు పాట

మా ఇంట్లో పాటలకు పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి. ఎవరు పాడారు, ఏ సినిమాలోది, ఎవరు రాశారు అన్నవి మాకు ఎప్పుడూ పట్టలేదు. నలభై అంటే నలభై, ఇరవై రెండు అంటే ఇరవై రెండు. దీనికంతటికీ కారణం మా నాయన ఎప్పుడో కొనుక్కొచ్చిన పాటల డబ్బా. దాని ముందు చిన్న అద్దంలో ఎర్రటి అంకెలు వెలుగుతాయి. పక్కన పెన్‌డ్రైవ్ పెట్టి, రిమోట్ మీద అంకె నొక్కితే ఆ అంకె పాట వస్తుంది. అంతకుమించి ఆ డబ్బా ఏమీ చెప్పదు, మేమూ ఏమీ అడగలేదు.

నాయన పటాన్‌చెరులో ఒక కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. డ్యూటీ అంతా మీటర్ల ముళ్లు ఎక్కడ ఉన్నాయో చూసుకోవడమే. అందుకని ఆయనకు దేవుడి తర్వాత అంకెల మీదే నమ్మకం. "మనిషి మాట మారుస్తడు. మీటరు మార్వదు," అనేవాడు. ఆ మాట మాకు చిన్నప్పటి నుంచి అన్నంలో కలిపి పెట్టాడు.

పొద్దున లేవగానే మూడు, అది దేవుడి పాట. వాన మొదలైతే పంతొమ్మిది. నలభై అంటే ఒక పొడుగాటి ఏడుపు పాట. చుట్టాలు వచ్చి ఎంతకీ లేవకపోతే నాయన దాన్ని పెట్టేవాడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ఉండే మా మేనమామకు పాపం ఈ సంగతి తెలియదు. "బావకు ఈ పాటంటే పానం," అని మురిసిపోయి ఇంకో గ్లాసు చాయ్ తాగేవాడు. మా వాడలో ఎవరింట్లో పెళ్లికి పసుపు దంచినా డబ్బా అక్కడికి పోయేది. ఆడవాళ్లు రోకలి ఆపకుండానే "అన్నా, జెర యాభై ఆరు పెట్టు" అని కేక వేసేవాళ్లు. డబ్బా తిరిగి ఇంటికి వచ్చేసరికి దానికి కూడా పసుపు అంటుకుని ఉండేది.

పదకొండు మాత్రం మా అమ్మది.

మా దిక్కు నాయన వయసు మగవాళ్లు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవరు. "ఏమే" అంటారు, "ఇగో" అంటారు, అదీ కాకపోతే బిడ్డ పేరు పెట్టి పిలిచి పెళ్లాం పలకాలని చూస్తారు. నేను ఒక్కదాన్నే బిడ్డను కాబట్టి మా ఇంట్లో నా పేరుకు ఎప్పుడూ ఇద్దరం పలికేవాళ్లం. డబ్బా వచ్చాక నాయనకు ఇంకో దారి దొరికింది. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, వాకిట్లో కుర్చీ వేసుకుని పదకొండు నొక్కేవాడు. అది పాత సినిమా పాట. ముందు వేణువు, ఆ తర్వాత తొందర లేని ఒక మగ గొంతు. పొద్దుగూకుతోంది, ఇక ఇంట్లోకి రమ్మని ఎవరినో పిలుస్తున్నట్టు ఉంటుంది. వేణువు అయ్యేలోపే అమ్మ చాయ్ గ్లాసుతో వాకిట్లోకి వచ్చేది. ఒక్క మాట ఉండేది కాదు. నేను మాత్రం లోపల కూర్చుని, వీళ్లకంటే బాగా మాట్లాడుకునే మొగుడూ పెళ్లాలు ఈ ఊళ్లో లేరు అనుకునేదాన్ని. ఇప్పటికీ అదే అనుకుంటాను.

నిరుడు నాయన రిటైర్ అయ్యాడు. ఇన్నేళ్లూ షిఫ్టులు చేసింది ఆయన, ఆ షిఫ్టులకు లేచింది అమ్మ. ఆయన ఇంట్లో కూర్చోగానే ఆమె చేతులకు ఏం చేయాలో తోచలేదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేది. ఇంతలో రుద్రారంలో ఆడపిల్లల హాస్టలు వంటింట్లోకి మనుషులు కావాలని తెలిసింది. ఆ రోజు అన్నం వడ్డిస్తూ, ఏదో కూర సంగతి చెప్పినట్టు చెప్పింది.

"సోమవారం నుంచి నేను గుడ పనికి పోత."

నాయన ముద్ద కలపడం ఆపాడు. "ఏం పని?"

"వంట పని. హాస్టల్ల."

"మన ఇంటికి వచ్చినోళ్లకు మనం అన్నం పెట్టినం. నువ్వు పోయి జీతానికి అన్నం వండుతవా? ఊళ్లె నా మొకం ఎట్ల సూపియ్యాలె?"

"నువ్వు కంపెనీల బాయిలర్ కాసినవు. నేను కూర కాస్త. మొకానికి ఏమైతది?"

ఆయన కంచంలోనే చేయి కడిగి లేచాడు. అమ్మ అన్నట్టుగానే సోమవారం నుంచి పనికి పోయింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటలు బంద్. పదకొండు కూడా బంద్.

మాటలు బంద్ అంటే మా ఇంట్లో మౌనం కాదు, అన్నీ నా ద్వారా నడుస్తాయి. "మీ అమ్మకు చెప్పు, చారుల ఉప్పు తక్కువైందని." "మీ నాయినకు చెప్పు, ఉప్పు డబ్బకు కాళ్లు లేవు, ఆయనకున్నయని." ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని ఉంటారు. నేను కంపెనీలో ప్యాకింగ్ దగ్గర నిలబడి వచ్చి, ఇంట్లో ఈ రెండో డ్యూటీ చేసేదాన్ని. నవ్వూ వచ్చేది, కోపమూ వచ్చేది.

కానీ అమ్మ మాత్రం పచ్చగా కళకళలాడుతూ ఉంది. జుట్టు మీద టోపీ పెట్టుకుని, మెడలో పేరున్న కార్డు వేసుకుని ఎంతోమందికి బగారా అన్నం వండుతోంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు "ఆంటీ, థోడా ఔర్" అని ఇంకొంచెం అడిగితే ఆమె "పూరా ఖావ్, ఛోడో మత్" అని, వదలకుండా మొత్తం తినమనడం నేర్చుకుంది. ఇంటికి వచ్చి ఆ పిల్లల ముచ్చట్లు నాకు చెప్పేది. చెబుతున్నంతసేపూ గొంతు కాస్త పెంచి, వాకిట్లో ఉన్న ఆయనకు వినపడేలా చెప్పేది. నాకు ఒక్కటే భయం. ఆయన మొండితనానికి విసుగొచ్చి ఈ పని మానేస్తుందేమోనని. ఆమె తనకోసం అడిగింది ఇదొక్కటే.

నాయన కరగడం నేను చూశాను. ముచ్చట్లు చెప్పేటప్పుడు కుర్చీ కాస్త కాస్త గడప వైపు జరిగేది. ఒకరోజు డబ్బా ముందు కూర్చుని, వాల్యూం తగ్గించి పదకొండు పెట్టి చూసుకున్నాడు. పాట సగంలో గొంతు పట్టినట్టు ఆగి ఆగి వచ్చింది. పెన్‌డ్రైవ్ పాతబడింది. మరుసటి రోజు చౌరస్తాలో మొబైల్ షాపుకు పోయి, పాటలన్నీ కొత్త దాంట్లోకి ఎక్కించుకుని వచ్చాడు. షాపు అతను మంచివాడు. పెద్దాయన కదా అని ఒక కట్ట కొత్త డీజే పాటలు కూడా కలిపి ఇచ్చాడు.

ఆ సాయంత్రం అమ్మ పని నుంచి వచ్చి నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. నాయన గడ్డం గీసుకుని, ఉతికిన అంగీ వేసుకుని కూర్చున్నాడు. నాకు అర్థమైపోయి గుండె నిండింది. ఆయన గొంతు సవరించుకుని, పాడబోయేది తానే అయినట్టు నిటారుగా కూర్చుని, పదకొండు నొక్కాడు.

డప్పులు మోగాయి. ఆ వెనకే ఒకడు అందుకున్నాడు. నీ అలక నాకెందుకు, మూట కట్టుకుని మీ అవ్వగారింటికి నడువు అని పెళ్లాన్ని పుట్టింటికి తరిమే పాట. నాయన రిమోట్ వైపు చూసి మళ్లీ పదకొండే నొక్కాడు. మళ్లీ అదే, మొదటి నుంచి. ఆపబోయి వాల్యూం పెంచాడు. మా వాడ మొత్తానికి వినపడింది.

అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుని నా వైపు తిరిగింది. "చెప్పు మీ నాయినకు. ఇన్న. రెండుసార్లు ఇన్న."

"అమ్మా, నంబరు తప్పినట్టుంది."

"నంబరు ఎట్ల తప్పుతది? మీటరు మార్వదని ఆయనే గదా అంటడు."

నేను నాయన వైపు చూశాను. ఇది కాదు నేను పెట్టింది అని ఒక్క మాట అంటే చాలు. ఆయన నోరు తెరిచాడు. బతుకంతా అంకెను నమ్మిన మనిషికి అంకె మీద ఏమని చెప్పాలో తెలియలేదు. నోరు మూసుకున్నాడు. పొద్దున్నే అమ్మ చీరలు సంచిలో పెట్టుకుని ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో మేనమామ ఇంటికి పోయింది. పనికి అక్కడి నుంచే పోతానంది.

ఆ తర్వాతి రోజులు మా ఇల్లు ఇల్లులా లేదు. చారులో ఉప్పు తక్కువైనా చెప్పడానికి ఎవరూ లేరు. నాయన పొద్దంతా డబ్బా ముందు కూర్చుని ఒకటి నుంచి వరుసగా పాటలు పెట్టుకుంటూ పోయేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను బట్టలు ఆరేస్తుంటే మెల్లగా వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"దొరికింది. తొంబై నాలుగుల ఉన్నది."

ఊరు మారిన చుట్టం అడ్రసు దొరికినట్టు చెప్పాడు. షాపులో ఎక్కించేటప్పుడు వరుస మారిపోయిందని, అంతకుమించి ఏం లేదని చెప్పాను. "గట్లెట్ల మారుస్తరు, అడగకుండ," అన్నాడు. తాళంచెవి చేతిలోకి తీసుకుని, "బండి తీస్త. పోదాం పా. ఆమె డ్యూటీ అయ్యే టైం అయింది," అన్నాడు.

డబ్బాను సంచిలో పెట్టి నా ఒళ్లో పెట్టాడు. దారి పొడుగునా "తొంబై నాలుగు, యాదికి ఉన్నది గదా" అని అడుగుతూనే ఉన్నాడు. రుద్రారం స్టాపు దగ్గర అమ్మ తనతో పనిచేసే ఆడవాళ్లతో రోడ్డుకు అవతలి పక్క నిలబడి ఉంది. మేము బండి ఆపేసరికి మేనమామ ఊరి వైపు పోయే సంగారెడ్డి బస్సు రానే వచ్చింది. నాయన గబగబా డబ్బా బయటికి తీశాడు. ఎర్ర అంకెలు ఒక్కసారి మినుకుమని ఆరిపోయాయి. పొద్దంతా వెతుకులాటలోనే చార్జింగ్ అయిపోయింది.

"ఏమే," అని అరిచాడు నాయన. నలుగురైదుగురు ఆడవాళ్లు తిరిగి చూశారు, అమ్మ తిరగలేదు. అలవాటు కొద్దీ నా పేరు పెట్టి అరిచాడు. నేను పక్కనే ఉండి "ఏంది నాయినా" అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇక ఏమీ తోచక రోడ్డు దాటుతూ "ఓ పదకొండు" అన్నాడు. కండక్టరమ్మ తల బయటికి పెట్టి, "పదకొండు మందా? జల్దీ ఎక్కుండ్రి," అంది. అమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టింది.

అప్పుడు నాయన ఆమెను పేరు పెట్టి పిలిచాడు.

ఆ పేరు నేను ఇక్కడ రాయను. నా స్కూలు కాగితాల మీద చదివిన పేరే, ఆమె మెడలో కార్డు మీద ఉన్న పేరే. ఆయన నోట వినడం మాత్రం నాకు అదే మొదలు. ఆమెకు కూడా అదే మొదలని, మెట్టు మీద ఆగిపోయిన ఆ కాలును చూస్తే తెలిసింది. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ మెట్టు దిగింది. బస్సు వెళ్లిపోయింది.

ఇద్దరూ రోడ్డు పక్కన ఎదురెదురుగా నిలబడ్డారు.

"నేను పెట్టింది గది కాదు. నంబరు మారింది," అన్నాడు నాయన.

"మరి అప్పుడు నోరు లేకుండెనా?"

"ఇప్పుడు తెరిసిన గదా." బండి వైపు చేయి చూపించి అన్నాడు, "రేపటి నుంచి పనికాడ నేనే దింపుత. బండి మీద."

అమ్మ మెడలో కార్డును సరిచేసుకుంది. "మెల్లగ నడపాలె," అంది.

వాళ్లిద్దరూ బండి మీద పోయారు. నేను డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికి వచ్చాను.

పాటల వరుస సరిచేయిస్తానని నేను చాలాసార్లు అన్నాను. అమ్మే వద్దంది. ఇప్పుడు సాయంత్రం బండి వాకిట్లో ఆగగానే నాయన లోపలికి వచ్చి పదకొండు నొక్కుతాడు. డప్పులు మోగుతాయి, మూట కట్టుకుని అవ్వగారింటికి నడవమంటాడు ఆ పాడేవాడు. అమ్మ ఆయన కుర్చీలోనే కాళ్లు చాపుకుని కూర్చుంటుంది.

"పోత తియ్యి. చాయ్ తాగి పోత," అంటుంది.

చాయ్ నాయన పెడతాడు. గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వస్తూ, మెల్లగా, ఆమెకు మాత్రమే వినపడేలా పేరు పెట్టి పిలుస్తాడు.